తెల్లకణానికీ ఇనుము కావాలి



"ఒంట్లో రక్తం లేదమ్మా" అన్న మాట వినబడని ఇల్లు మనలో ఎవరిదీ ఉండదనుకుంటాను. ఆ మాట వినగానే మనకు గుర్తుకొచ్చేవి పాలిపోయిన ముఖం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దెక్కకుండానే నడుం వాల్చాలనిపించే నీరసం. రక్తంలో ఎరుపు తగ్గిందని మనకు తెలుసు. ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, దానికి ఇనుము కావాలి అన్న పాఠం పిల్లలచేత చదివించి చదివించి మనకే కంఠతా వచ్చేసింది. మరి రక్తంలో తెల్లకణాలు కూడా ఉన్నాయి కదా! ఒంట్లో ఇనుము తగ్గితే వాటి గతి ఏమిటి? ఇంత చిన్న ప్రశ్నను ప్రపంచం చాలా ఆలస్యంగా అడిగింది. అడిగినవాళ్ళలో మన హైదరాబాదు తార్నాకలో కూర్చుని పనిచేసిన శాస్త్రజ్ఞులు ముందువరుసలో ఉన్నారు. ఆ సంగతి మనవాళ్ళకే సరిగా తెలియదు. అందుకని ఇవాళ ఆ కథ చెబుదామని వచ్చాను.

కథ పాతదే. మన ఆయుర్వేదంలో దీన్ని పాండురోగం అన్నారు. పాండువు అంటే పాలిపోయిన తెలుపు. చరకుడు పాండురోగాన్ని అయిదు రకాలుగా చెప్పాడు. అందులో అయిదోది మన్ను తినడంవల్ల వచ్చేదట. ఇది చదివినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. చూలింత దొంగచాటుగా పొయ్యిమట్టి నోట్లో వేసుకోవడం, స్కూలు పిల్ల బలపాలు కొరకడం, బియ్యం ఏరుతూ ఏరుతూ గుప్పెడు పచ్చిబియ్యం నమిలేయడం మనం చూడని దృశ్యాలా? మన్ను తింటే రక్తం పోతుందని మన పెద్దలు కొట్టేవాళ్ళు. రక్తం తక్కువైనందువల్లే మన్ను మీదికి మనసు పోతుందని ఈనాటి వైద్యులు చాలామంది అంటారు. రెండిట్లోనూ నిజం ఉంది. ఇనుము తక్కువైనవాళ్ళకు అలాంటి తిండి మీద కోరిక పుట్టడమూ ఉంది, మన్నుతోపాటు పురుగుల గుడ్లు కడుపులోకి పోవడమూ ఉంది. పాండురోగానికి మందుగా లోహభస్మం, మండూరభస్మం వాడారు. మండూరం అంటే ఇనుము కరిగించేటప్పుడు మిగిలే చిట్టెం. అంటే ఇనుముతో దీనికి సంబంధముందని మనవాళ్ళు ఏనాడో పసిగట్టారు.

పడమటి దేశాల్లో దీని కథ ఇంకా చిత్రం. 1554లో యోహాన్ లాంగె అనే జర్మను వైద్యుడు పెళ్ళికాని ఆడపిల్లలకు వచ్చే ఒక జబ్బును వర్ణిస్తూ ఉత్తరం రాశాడు. పాలిపోవడం, గుండెదడ, అన్నం సహించకపోవడం దాని గుర్తులు. ఆయన చెప్పిన చికిత్స ఏమిటో ఊహించండి. పెళ్ళి చేసెయ్యమన్నాడు! "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అనేది మన వీధిలో పుట్టిన మాట అనుకుంటాం గాని, దాని వయసు, తిరిగిన దేశాలు చాలానే ఉన్నాయి. 1681లో సిడెన్‌హామ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఇనుప రజను ద్రాక్షసారాలో నానబెట్టి తాగించాడు. 1832లో ఫ్రాన్సులో బ్లో అనే డాక్టరు ఇనుప లవణంతో మాత్రలు కట్టాడు. ఆ మాత్రల మనవరాళ్ళే ఇవాళ మన ఆస్పత్రుల్లో ఇచ్చే మాత్రలు. ఇన్ని వందల ఏళ్ళూ అందరి దృష్టీ రంగు మీదే. ముఖం ఎర్రబడితే జబ్బు నయమైనట్టు లెక్క.

ఇక తెల్లకణాల సంగతికి వద్దాం. 1882లో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలో మెస్సీనా అనే సముద్రపు రేవులో ఉండేవాడు. ఇంట్లోవాళ్ళందరూ సర్కసు చూడబోయారు. ఆయనొక్కడూ మైక్రోస్కోపు ముందు కూర్చుని, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో కదిలే కణాలను చూస్తూ ఉన్నాడు. ఈ కణాలు శత్రువును ఎదుర్కోవడానికే ఉన్నాయేమో అని తోచిందట. తోటలోకి వెళ్ళి గులాబీ ముల్లు తెచ్చి ఆ పిల్ల ఒంట్లో గుచ్చాడు. రాత్రంతా నిద్రపట్టలేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన వేలిలో ముల్లు దిగితే చీము పట్టేది కూడా ఇలాగే. చీము అంటే చాలావరకు పోరాడి చచ్చిన తెల్లకణాలే. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

తెల్లకణాల్లో రకాలున్నాయి. మన కథకు రెండు చాలు. ఒకటి మింగే కణం. సూక్ష్మజీవి కనబడితే చుట్టుముట్టి మింగేస్తుంది. రెండోది లింఫోసైటు. ఇది శత్రువును గుర్తుపట్టి, ఒకటి రెండై, రెండు నాలుగై, దండుగా పెరిగి పనిచేస్తుంది. వీటిలో టి కణాలనేవి కొన్ని రకాల జబ్బుల విషయంలో చాలా ముఖ్యం. అందులో క్షయ ఒకటి.

మింగే కణం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మింగడం వేరు, చంపడం వేరు. పిల్లాడు నోట్లో ముద్ద పెట్టుకుని బుగ్గన దాచుకుంటే తిన్నట్టా? మింగిన సూక్ష్మజీవిని చంపడానికి ఆ కణం తన లోపల ఒక ఘాటైన పదార్థం తయారు చేసుకుంటుంది. మనం నీళ్ళట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడరు ఏ పదార్థంతో క్రిములను చంపుతుందో, ఇంచుమించు అదే. దాన్ని తయారుచేసే ఎంజైములో ఇనుము ఉంటుంది. ఆ ఎంజైము రంగు పచ్చన. చీము ఒక్కోసారి పచ్చగా కనబడేది దానివల్లే. లింఫోసైటు పెరగాలన్నా అంతే. కొత్త కణం కట్టడానికి కావలసిన సరుకును తయారుచేసే ఎంజైముకు ఇనుము లేనిదే పని జరగదు. ఇవన్నీ తెలిశాక, ఇనుము తక్కువైతే తెల్లకణం కూడా నీరసించాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. అయితే తోచడం ఒకటి, రుజువు చేయడం ఒకటి.

ఇక్కడ మన తార్నాక వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ మొదలైంది హైదరాబాదులో కాదు. 1918లో నీలగిరి కొండల్లో, కూనూరులో, మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక చిన్న గదిలో పెట్టిన కొలువు అది. ఆ కూనూరుకే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ వచ్చి పనిచేసింది. ఆమె 1928లో బొంబాయి వచ్చి, మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. వాళ్ళలో కొందరికి ఇనుము ఇచ్చినా గుణం కనబడలేదు, ఈస్టుతో చేసిన పదార్థం ఇస్తే కనబడింది. అందులో ఉన్న ఆ గుణమే తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. దాన్ని అమెరికాలో లెడర్లీ కంపెనీలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భిణికిచ్చే మాత్రలో ఇనుముతోపాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఇంకో విశేషం వినండి. అదే ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందును కూడా ఆయన బృందమే తయారుచేసింది. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్తపు క్యాన్సరు ఉన్న పిల్లలకు 1948 నాటికి బోస్టన్‌లో దానితో ఉపశమనం కలిగించగలిగారు. ఒకే విటమినుకు ఒకవైపు రక్తం పట్టించే మందు, ఇంకోవైపు తెల్లకణాలను అణచే మందు!

కూనూరు సంస్థ 1958లో హైదరాబాదు వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. అప్పటికి దాని డైరెక్టరు సి. గోపాలన్‌గారు. ఈ సంస్థవాళ్ళు ప్రయోగశాలలో పరీక్షగొట్టాలతోనే కాలం గడపలేదు. నీలోఫర్ ఆస్పత్రిలో వాళ్ళకు పిల్లల వార్డు ఉండేది. ఒళ్ళు ఉబ్బి, జుట్టు రంగు మారి వచ్చే పసివాళ్ళను అక్కడ చూశారు. మళ్ళీ మళ్ళీ దగ్గు, విరేచనాలు, పుండ్లతో వచ్చే పిల్లలను చూశారు. తిండి చాలని పిల్లకు జబ్బులెక్కువ అన్నది ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది. తిండిలో ఏది చాలకపోతే శరీరంలో ఏ పని ఆగిపోతుంది అన్నదే తేలాల్సిన విషయం.

1973లో ఢిల్లీ అఖిలభారత వైద్య సంస్థ నుంచి ఒక వ్యాసం వచ్చింది. ఇనుము తక్కువైన పిల్లల తెల్లకణాలకు సూక్ష్మజీవులను చంపే శక్తి తగ్గిందని అందులో ఉంది. 1975లో మన హైదరాబాదు సంస్థకు చెందిన భాస్కరం, వినోదినీ రెడ్డి గార్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తమ పరిశోధన ప్రకటించారు. వినోదినీ రెడ్డిగారు పిల్లల డాక్టరు. తర్వాత ఆ సంస్థకు డైరెక్టరు కూడా అయ్యారు. వాళ్ళు ఇనుము తక్కువైన పిల్లలను, విటమినులు తక్కువైన పిల్లలను వేరువేరుగా పరిశీలించారు. ఇందులోనే ఉంది తెలివి. పేదపిల్లకు ఒక్కటే తక్కువ కాదు, అన్నీ తక్కువే. ఏ పాపం దేనిదో విడదీయకపోతే ఏదీ తేలదు.

పరీక్ష చెప్పడానికి తేలికే. పిల్ల రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసి, వాటిలో సూక్ష్మజీవులను కలిపి కొంతసేపు వెచ్చగా ఉంచుతారు. తర్వాత ఎన్ని సూక్ష్మజీవులు బ్రతికి మిగిలాయో లెక్కపెడతారు. ఇనుము తక్కువైన పిల్లల్లో ఎక్కువ మిగిలాయి. టి కణాల పని కూడా మందగించింది. విటమిను ఎ, బి తక్కువైన పిల్లల్లో టి కణాలకు సంబంధించిన ఈ లోపం కనబడలేదు. ఇనుము తక్కువైన పిల్లలకు ఇనుము ఇచ్చి మళ్ళీ పరీక్షిస్తే, రెండు పనులూ బాగుపడ్డాయి! నా మటుకు నాకు ఈ చివరి మాటే బంగారం. లోపం ఇనుముదే అనడానికి అంతకంటె గట్టి సాక్ష్యం ఏం కావాలి?

మరుసటి ఏడు, 1976లో, అప్పటి డైరెక్టరు శ్రీకంఠయ్యగారు, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో ఇంకో వ్యాసం ప్రకటించారు. రక్తహీనత కొంచెం ఉన్నవాళ్ళు, బాగా ఉన్నవాళ్ళు అని పిల్లలను మెట్లుమెట్లుగా విభజించి చూశారు. హిమోగ్లోబిన్ 10 గ్రాములకు దిగువన ఉన్న పిల్లల్లో తెల్లకణాల చంపే శక్తి, టి కణాల శక్తి తగ్గినట్టు తేలింది. మింగడంలో మాత్రం లోటు లేదు. మింగుతున్నాయి, చంపలేకపోతున్నాయి. అంటే దొంగను పట్టి ఇంట్లో కూర్చోబెట్టుకున్నట్టయింది!

10 గ్రాములంటే మనం "కొంచెం తక్కువే, ఫరవాలేదు" అని సరిపెట్టుకునే అంకె. పిల్ల ఆడుతూనే ఉంటుంది, బడికి పోతూనే ఉంటుంది. ముఖం చూస్తే ఏమీ తెలియదు. నెలకోసారి జ్వరం, చెవిలో చీము, తగ్గని పుండు, వదలని దగ్గు వస్తుంటే "ఈ పిల్లకు దిష్టి ఎక్కువ" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాం. తిప్పితే తిప్పండి, నేను కాదనను. వేలి చివర రక్తం కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

రక్తపరీక్ష అంటే గుర్తొచ్చింది. పరీక్ష కాగితం చేతికి రాగానే మనం తెల్లకణాల అంకె చూస్తాం. నాలుగువేల నుంచి పదకొండువేల మధ్య ఉంటే అంతా సవ్యమే అనుకుంటాం. ఇనుము తక్కువైనవాళ్ళలో చాలామందికి ఆ అంకె మామూలుగానే ఉంటుంది, కొందరికి కాస్త తగ్గుతుంది. కాగితం చెప్పేది తలల లెక్క, చేతుల బలం కాదు. వంటింట్లో పదిమంది ఉన్నారని వంట అయిపోతుందా? అదే కాగితంలో ఇయోసినోఫిల్స్ అని ఇంకో రకం తెల్లకణాల అంకె ఉంటుంది. అది పెరిగితే కారణాలు అనేకం, ఉబ్బసం కావచ్చు, పడని వస్తువు కావచ్చు. ఇనుము తక్కువై, ఇది పెరిగి ఉంటే మాత్రం కడుపులో కొంకిపురుగులున్నాయేమోనని డాక్టరు అనుమానిస్తారు. ఆ పురుగు పేగుకు అతుక్కుని రోజూ రక్తం పీలుస్తుంది. చెప్పుల్లేని కాళ్ళతో తడిమట్టిలో తిరిగితే చర్మంలోంచే లోపలికి దూరుతుంది. పురుగు పోకుండా ఎంత ఇనుము మింగినా చిల్లుకుండలో నీళ్ళే.

మా పుట్టిల్లు మోమిన్‌పేట వైపు. వికారాబాదు, తాండూరు ప్రాంతం గురించి పట్నంలో అడిగితే కందిపప్పు, అనంతగిరి గుట్టలు అంటారు. అనంతగిరి మీద క్షయరోగుల శానిటోరియం ఉండేదని పెద్దవాళ్ళకు తెలుసు. క్షయకు సరైన మందులు రాకముందు, గుట్ట మీది గాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. అక్కడికి పంపిస్తే బలం పుంజుకుంటారని మందుకన్నా ముందు పాలు, గుడ్లు గురించి మాట్లాడేవారు. క్షయ క్రిమితో పోరాడేది ముఖ్యంగా టి కణాలు, వాటికి సహాయంగా మింగే కణాలు. ఇనుము లోపంవల్లే క్షయ వస్తుందని నేననడం లేదు, అలా అనడం తప్పు కూడా. తిండికీ, జబ్బును తట్టుకోవడానికీ ముడి ఉందని ఆ గుట్ట మీది వైద్యులకు అనుభవంలో తెలిసిన సంగతికి, తార్నాకలో పరీక్షగొట్టంలో ఒక పోగు దొరికింది, అంతే.

మా వైపు ఆడవాళ్ళు పొద్దున జొన్నరొట్టె, కారం మూటగట్టుకుని చేనుకు పోతే మళ్ళీ ఇంటి ముఖం చూసేది దీపాలవేళే. జొన్నలో ఇనుము ఉంది, కందిలో ఉంది, పుంటికూరలో, గంగవాయిలు కూరలో ఉంది. మరి రక్తం ఎందుకు తక్కువ? గింజల్లో, ఆకుల్లో ఉన్న ఇనుము పేగు గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. గింజల్లో ఉండే ఒక ఆమ్లం దాన్ని పట్టి ఉంచుతుంది. దానికి తోడు నెలనెలా పోయే రక్తం, ఏడాదికో కాన్పు. అన్నిటినీ మించి, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినడం. ఇది చేను మీది ఆడవాళ్ళ కథేనా? మన గ్యాసుపొయ్యి వంటిళ్ళలో జరిగేదేమిటి? కూర ఆయనకు, గుడ్డు పిల్లాడికి, మనకు చారు. సంస్థవారి 2020 లెక్క ప్రకారం రోజుకు మగవాడికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, స్త్రీకి 29. ఎక్కువ కావలసినది మనకు, తక్కువ వడ్డించుకునేదీ మనమే.

మోమిన్‌పేట 2016లో కొత్తగా ఏర్పడ్డ వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. 2022 డిసెంబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గర్భిణుల రక్తహీనత తగ్గించడానికని పోషకాహారపు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రక్తహీనత ఎక్కువగా ఉందని అందుకు ముందుగా ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో వికారాబాదు ఒకటి. అందులో ఖర్జూరాలు, నెయ్యి, ఇనుము సిరప్పు, పురుగుల మాత్ర పెట్టారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా, అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ అంకెల్లో పల్లె ఆడవాళ్ళతోపాటు పట్నం ఆడవాళ్ళమూ ఉన్నాం.

గర్భిణుల తెల్లకణాల సంగతి కూడా మన హైదరాబాదు సంస్థవారే చూశారు. 1982లో ప్రేమగారు, ఆమె సహచరులు ప్రకటించిన వ్యాసంలో, రక్తహీనత బాగా ముదిరిన గర్భిణుల్లో లింఫోసైట్లు దెబ్బతిన్నట్టు ఉంది. కాన్పు గది అంటే రక్తం పోయే చోటే కాదు, సూక్ష్మజీవులు కాచుకుని ఉండే చోటు కూడా. కాబట్టి ఆ మాట తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

ఇంతవరకు చెప్పింది విని, అయితే ఇనుము ఎంత ఎక్కువ మింగితే తెల్లకణాలకు అంత బలం అనుకునేరు సుమా! కథలో మలుపు ఇక్కడే ఉంది. మొదట చెప్పాలంటే, శాస్త్రజ్ఞులందరూ ఒకే మాట మీద లేరు. 1974లో థాయిలాండులోని చియాంగ్ మైలో ఇలాంటి పిల్లలనే పరీక్షిస్తే తెల్లకణాల్లో లోపమేమీ కనబడలేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఇనుము మన కణాలకే కాదు, సూక్ష్మజీవులకూ ఆహారమే. అందుకే జ్వరం తగలగానే మన శరీరం రక్తంలోని ఇనుమును తీసి లోపల దాచేస్తుంది, దొంగలు తిరుగుతున్నారంటే మనం నగలు బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. ఆ తాళం పని చేసే హెప్సిడిన్ అనే పదార్థం మన కాలేయంలో తయారవుతుందని 2000 సంవత్సరం ప్రాంతంలోగాని తెలియలేదు.

1978లో సోమాలియాలో సంచారజాతుల వాళ్ళకు ఇనుము ఇచ్చి చూస్తే, ఇవ్వనివాళ్ళకన్నా వాళ్ళలోనే మలేరియావంటి జబ్బులు ఎక్కువగా తలెత్తాయి. 2006లో టాంజానియాకు చెందిన పెంబా దీవిలో, మలేరియా విపరీతంగా ఉన్నచోట చిన్నపిల్లలకు రోజూ ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఇస్తే, జబ్బుపడి ఆస్పత్రి పాలైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు పెరిగారు. ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటినుంచి మలేరియా ఉన్నచోట ఇనుముతోపాటు మలేరియా నివారణ కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తిండిలేక బాగా చిక్కిపోయి ఆస్పత్రిలో చేరిన పిల్లకు కూడా మొదటి వారం ఇనుము ఇవ్వరు. ముందు జబ్బు తగ్గి, అన్నం సహించాలి. కాబట్టి పిల్ల జ్వరంతో మూలుగుతుంటే, "రక్తం తక్కువ కదా" అని పక్కింటి సిరప్పు తెచ్చి పట్టకండి. జ్వరం తగ్గాక డాక్టరునడిగి మొదలుపెట్టండి.

టీకాల మాట కూడా చెప్పాలి. "రక్తం పట్టాక వేయిద్దాం" అని వాయిదా వేసేవాళ్ళున్నారు. 1976 నాటి హైదరాబాదు పరిశోధనలో రక్తహీనత ఉన్న పిల్లల్లో కూడా యాంటీబాడీలు మామూలుగానే తయారయ్యాయి. 2020లో కెన్యానుంచి వచ్చిన వ్యాసంలో మాత్రం, టీకా నాటికి రక్తహీనత ఉన్న పసిపిల్లల్లో కొన్ని టీకాలకు స్పందన తగ్గినట్టు కనబడింది. ఏది ఎలా ఉన్నా టీకా ఆపడానికి అది కారణం కాదు. ఏ వారానికా వారం టీకా వేయించాల్సిందే, ఇనుము సంగతి పక్కన చూసుకోవాల్సిందే.

పోతే ఇంటి సంగతులు. అన్నంతోపాటు ఒక నిమ్మకాయ చెక్కో, ఉసిరికాయ పచ్చడో, భోజనం అవగానే జామకాయో ఉంటే, ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుము లోపలికి ఎక్కువ పోతుంది. భోజనంతోపాటే టీ తాగితే తగ్గిపోతుంది. టీ మానమని చెబితే మీరు రేడియో కట్టేస్తారని తెలుసు. అన్నానికీ టీకీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉంచండి. మాంసం తినేవాళ్ళకు కాలేయం, మాంసం అన్నిటికన్నా తేలికగా ఒంటబట్టే ఇనుము. అల్యూమినియం గిన్నెలు, అంటుకోని పెనాలు వచ్చాక మనం అటకెక్కించిన ఇనుప మూకుడు దించి, పులుపు వేసిన కూర ఒకటి అందులో చేయండి. కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. కాని దానితోనే జబ్బు నయమైపోతుందనుకోకండి. ఖర్జూరం, బెల్లం కూడా అంతే. మంచివే, కాని 8 గ్రాముల హిమోగ్లోబిన్‌ను 12 చేసేంత సత్తా వాటికి లేదు. దానికి మాత్రలు కావాలి.

మన దేశంలో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే పథకం 1970లో మొదలైంది. అప్పట్లో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉండేది. ఉప్పులోనే ఇనుము కలిపే పద్ధతిని కూడా 1970ల్లో తార్నాక సంస్థలో నరసింగరావుగారి బృందం తయారుచేసింది. ఉప్పు రంగు మారకుండా, ఇనుము ఒంటబట్టేలా చేయడానికి వాళ్ళు చాలా కష్టపడ్డారు. అయోడిను, ఇనుము రెండూ కలిపిన ఉప్పు తర్వాతి కాలంలో వచ్చింది. మాత్ర మాత్రం ఊళ్ళోనూ పట్నంలోనూ అందరికీ చేరినా, కడుపులోకి చేరదు. మలం నల్లగా వస్తుందని, వికారమని, మలబద్ధకమని నాలుగు రోజులకే ఆపేస్తారు. నలుపు భయపడాల్సింది కాదు, ఒంటబట్టని ఇనుమే అలా పోతుంది. వికారమైతే అన్నం తిన్నాక వేసుకోండి, లేదా రాత్రి పడుకోబోయే ముందు. రోజు విడిచి రోజు వేసుకున్నా బాగానే పనిచేస్తుందని ఈ మధ్య పరిశోధనలున్నాయి, మీ డాక్టరునడగండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చిందని ఆపేయకుండా, ఇంకో రెండు మూడు నెలలు వాడితేగాని ఒంట్లో నిల్వ నిండదు. ఎర్రకణాలకు చాలినంత వచ్చాక కూడా నిల్వకోసం ఇంకొంత కావాలన్నమాట.

మాత్రల సీసా పిల్లలకు అందని చోట పెట్టండి. ఎర్రగా తీపిబిళ్ళలా కనబడతాయి గనుక గుప్పెడు మింగేస్తే ప్రాణానికే ముప్పు. నాకిచ్చిన పది నిమిషాలూ ఎప్పుడో అయిపోయాయి. ప్రోగ్రాం చూసే అమ్మాయి అద్దం అవతలనుంచి చెయ్యి ఊపుతోంది.